డబ్బాలో గీత ఒకటి, చార్టులో గీత ఒకటి

'తండేల్' సినిమా 2025 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు మా టౌను హాల్లో ఈలలే ఈలలు. సిక్కోలు పేరు తెర మీద పడితే ఆమాత్రం ఉంటాది మరి. నా పక్క సీట్లో కూర్చున్నాయన మాత్రం ఈలెయ్యలేదు. పదిహేనేళ్లు వెరావల్ బోట్లలో ముందు కలాసీగా, ఆపైన తండేలుగా చేసి, మోకాళ్లు అరిగిపోయి ఇంటి కాడ కూకున్న మనిషి. ఇంటర్వెల్లో టీ తాగుతూ ఒక్క మాటన్నాడు: "అంతా బాగానే సూపించినార్రా. గానీ ఆ జీపీఎస్సు డబ్బా మాకెవుడూ నేర్పలేదు. ఓనరు బటన్ నొక్కి సేతిలో ఎట్టీసినాడు. అందులో గీత ఏటో, ఆ గీత ఎవుడు గీసినాడో మాకేటి తెలుసు?"

ఆ మాట నన్ను వదల్లేదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లిన మన ఉత్తరాంధ్రవాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోయింది. కరాచీ జైల్లో పెట్టింది. 2020 జనవరి 6న వాఘా కాడ 20 మందిని అప్పజెప్పింది. పదమూడు నెలల పైన. అన్నాళ్లూ నేను చదివిన వార్తల్లో ఒకటే ముక్క: "పొరపాటున సరిహద్దు దాటారు." సరే. పొరపాటంటే ఏ పొరపాటు? ఎక్కడ జరిగింది, ఎవరు చేసేరు? ఆ ప్రశ్న అడిగినోళ్లు నాకు కనబడలేదు. తండేలు చేతిలో డబ్బా ఉంది కదా, అందులో గీత ఉంది కదా, చూసుకోవాలి కదా అన్నట్టే అందరూ మాట్లాడేరు.

ముందే చెప్తాను, నేను నావికుణ్ని కాదు. టెన్తు తప్పిన మనిషిని. సముద్రపు చార్టు చదవడం ఒక రిటైరైన షిప్పు ఆఫీసరు గారి వరండాలో నేర్చుకున్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది. నాలుగే. ఆ నాలుగు ఆదివారాలు మన తండేళ్లకి ఏ గవర్నమెంటూ ఇవ్వలేదన్నది నా కోపం.

చార్టంటే ఏటో ముందు చూద్దాం. ఊళ్ల మ్యాపులో నేల నిండా రోడ్లూ చెరువులూ ఉంటాయి, సముద్రం కాడికొచ్చేసరికి ఖాళీ నీలం. చార్టులో ఇది తిరగబడతాది. నేల ఖాళీ, నీళ్ల నిండా అంకెలు. ఒక్కో అంకె ఆ చోట లోతు. లోతు సమానంగా ఉన్న చోట్లని కలుపుతూ గీతలు. అడుగున ఇసకా, బురదా, బండా అని చిన్న అక్షరాలు. మునిగిపోయిన ఓడ ఉంటే దానికో గుర్తు. లైటుహౌసు ఎన్ని సెకన్లకోసారి వెలుగుతాదో, ఎంత దూరం కనపడతాదో దాని పక్కనే రాసుంటాది. ఒడ్డున కొండలూ, గుడి గోపురాలూ, పొగగొట్టాలూ వంటివి, అంటే సముద్రంలోంచి కళ్లకి ఆనేవి మాత్రం గీస్తారు. ఎందుకంటే చార్టు సముద్రంలోంచి నేలని చూసినోడి కోసం గీసింది.

ఇది మనకి కొత్త విద్యని ఎవరన్నా అంటే నవ్వొస్తాది. మన తాతలు చేసింది ఇదే. ఈ కొండ మీద ఆ తాటిచెట్టు ఆనితే, ఆ పక్క రెండు మెట్టలూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటే, కింద బండ ఉంది, వల దించకు. కొండ గురుతులంటారు. షిప్పు ఆఫీసర్లు కూడా ఇలాగే రెండు గురుతులు ఒక వరసలోకి తెచ్చి చార్టు మీద గీత గీస్తారు. లోతు కొలవడానికి తాత తాడుకి బరువు కట్టి దించి, రెండు చేతులూ చాపి బారలెక్కన లెక్కపెట్టేవాడు. ఇంగ్లీషోడి ఫాదమంటే ఆరడుగులు. అదీ చేతులు చాపిన కొలతే. బారకీ ఫాదానికీ తేడా ఏటీ లేదు. తాత కాడ చార్టు బుర్రలో ఉండేది, అంతే. ఆయనకి గీత ఎవరు గీసేరో తెలుసు. ఆయనే గీసుకున్నాడు కాబట్టి.

ఇప్పుడు డబ్బా వచ్చింది. డబ్బా చేసే పని ఒక్కటే: ఆకాశంలో ఉపగ్రహాల నుంచి సిగ్నల్ పట్టి, నువ్వెక్కడున్నావో రెండు అంకెల్లో చెప్పడం. ఆ అంకెలు ఏ చార్టు మీద పెట్టుకోవాలి, ఏ కొలతలో చదవాలి అన్నది డబ్బాకి మనం చెప్పాలి. చెప్పకపోతే షాపోడు ఏది పెడితే అది. వెనకటి ఓనరు ఏది పెడితే అది. సెకండ్ హ్యాండులో కొన్న డబ్బా అయితే ఇంకెవడో ఏ దేశంలోనో పెట్టింది.

అంకెలు రాసే పద్ధతితో మొదలెడదాం, ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని కేంద్ర సంస్థ ఉంది. చేపలు దొరికే చోటు చెప్పే సూచనలు తెలుగులో కూడా ఇస్తాది. సముద్రం పై నీటి వేడీ, అందులో నాచు పచ్చదనమూ ఉపగ్రహంలోంచి చూసి చెప్తారు. ఫలానా ఊరి నుంచి ఈ దిక్కున, ఇన్ని కిలోమీటర్లలో, ఇంత లోతులో అని. మంచి పని, నేను మెచ్చుకుంటాను. అందులో చోటుని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో రాస్తారు. 17 డిగ్రీల 41 నిమిషాల 45 సెకన్లు అనుకో. మన బోట్లలో డబ్బాలు చాలావరకు సెకన్లు చూపించవు. డిగ్రీలు, నిమిషాలు, ఆపైన చుక్క పెట్టి మూడంకెలు. మనోళ్లు వైర్లెస్సులో చెప్పుకునేది కూడా అలాగే: "పదేడు, నలభయ్యొకటి, ఏడొందల యాభై."

ఇప్పుడు కుర్రోడు సూచనలో 45 చూసి డబ్బాలో 450 కొట్టేడు. నిమిషానికి 60 సెకన్లు కాబట్టి 45 సెకన్లంటే ముప్పావు నిమిషం, అంటే 750 కొట్టాలి. తేడా 0.3 నిమిషం. ఉత్తర దక్షిణాల్లో ఒక నిమిషమంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. కాబట్టి 550 మీటర్ల పైన పక్కకి పోయినట్టు. ఇంకొకడు 045 కొట్టేడు, వాడు 1300 మీటర్లు పోయేడు. చేపల గుంపుకైతే ఈ తేడా పెద్ద లెక్క కాదు, ఆ సూచన చెప్పేదే కిలోమీటర్ల మేర చోటు. గానీ మునిగిన ఓడ ఉన్న చోటు ఇలా తప్పు కొట్టి, దూరంగానే ఉన్నాం కదా అని ట్రాలు దించితే? వల పోతాది. అప్పు చేసి కొన్న వల. ఆ ఏడాది ఆ ఇంట్లో పెళ్లి ఆగిపోతాది.

మార్చుకోవడం ఎంతసేపు? సెట్టింగులోకెళ్లి పొజిషన్ ఫార్మాట్ అన్న చోట మూడో నాలుగో రకాలుంటాయి. నీ చేతిలో కాగితం ఏ రకంలో ఉందో ఆ రకం పెట్టుకోవాలి. అర నిమిషం పని. గానీ ఆ పేజీ ఇంగ్లీషులో ఉంటాది, దాంట్లోకెళ్తే డబ్బా పాడైపోతాదని ఓనరు భయపెట్టి ఉంటాడు.

దూరం కొలత ఇంకో తగాదా. ఇది నిజంగానే తగాదా. 2022 జనవరిలో విశాఖ జాలారిపేట కాడ రింగు వలల గొడవ గుర్తుందా? ఒక పేట మీద ఇంకో పేట, బోట్లు తగలబడ్డాయి, పోలీసులు దిగేరు. మూలం ఏటంటే ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల సంప్రదాయ మత్స్యకారులది, రింగు వల దాటి అవతల వేసుకోవాలి. చట్టం కిలోమీటర్లలో మాట్లాడతాది. బోటులో డబ్బా మామూలుగా నాటికల్ మైళ్లలో మాట్లాడతాది. 8 కిలోమీటర్లంటే డబ్బాలో 4.3 మైళ్లు. అదే డబ్బాలో 8 కనబడిందంటే నువ్వు దాదాపు 15 కిలోమీటర్లు పోయినట్టు. రెండు పక్షాలూ "నేను ఎనిమిది దాటేను", "నువ్వు దాటలేదు" అని కొట్టుకుంటే, ఏ ఎనిమిది అని అడిగే మనిషి ఆ రోజు ఒడ్డున ఉండాల్సింది. గొడవంతా దీనివల్లే అని నేననను. అందులో పెట్టుబడి ఉంది, వల కన్ను సైజు ఉంది, రాజకీయం ఉంది. గానీ ఒడ్డు నుంచి అంటే ఎక్కడి నుంచి కొలవాలో, ఆ గీత ఏ చార్టు మీద గీసుందో రెండు పేటల పెద్దల ముందూ పరిచి చూపిస్తే సగం అరుపులు తగ్గుతాయి. ఎనిమిది కిలోమీటర్ల గీత గీసిన కాగితం మీ ఊరి జెట్టీ కాడ ఎప్పుడన్నా చూసేరా తమ్ముళ్లూ? నేను తిరిగిన ఊళ్లలో చూళ్లేదు.

లోతు గురించి రెండు ముక్కలు. చార్టులో అంకె పాటు బాగా లాగేసిన మట్టం నుంచి కొలిచింది. అంటే మామూలుగా నీళ్లు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. డబ్బా చెప్పేది ఈ నిమిషంలో నీ బోటు కింద ఉన్న నీళ్లు, అదీ అడుగున బిగించిన పరికరం నుంచి. నీటి మట్టం నుంచి కాదు. అందుకే రెండూ ఒకటి చూపించవు, చూపించకపోతే డబ్బా పాడైనట్టూ కాదు. మన తూర్పు తీరంలో పోటుకీ పాటుకీ తేడా మనిషి ఎత్తు దాటదు కాబట్టి మనోళ్లకి ఇది పెద్దగా తెలీదు. అదే మనోళ్లు గుజరాత్ వెళ్లి ఖంభాత్ సింధుశాఖ వైపు పోతే అక్కడ తేడా పది మీటర్ల దాకా ఉంటాది. మూడంతస్తుల మేడంత. మన ఊరి అలవాటుతో అక్కడ అంకె చదివితే బోటు ఇసకలో కూర్చుంటాది. ఇంక కొలత. చార్టు మీటర్లలో, డబ్బా అడుగుల్లో ఉంటే, తెర మీద 10 చూసి పది మీటర్లనుకున్నోడి కింద మూడే మీటర్లుంటాయి. హార్బరు మొగ కాడ, చీకట్లో, కెరటం లేస్తున్నప్పుడు ఆ పొరపాటు చేస్తే మళ్లీ సరిదిద్దుకునే టైము ఉండదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. డాటమ్. దీనికి తెలుగు మాట నాకు దొరకలేదు, కొలతకి పునాది అనుకుందాం. భూమి నున్నటి బంతి కాదు, వంకర టింకర. దాన్ని ఏ ఆకారంగా అనుకుని, ఏ పాయింటు నుంచి కొలిచేరన్నది దేశానికో రకంగా ఉండేది. మన దేశంలో బ్రిటిషోళ్లు ఎవరెస్టు దొర లెక్క పెట్టేరు. కొండకి పేరు పెట్టింది ఆయనదే. ఉపగ్రహాలొచ్చాక ప్రపంచమంతటికీ కలిపి డబ్ల్యూజీఎస్ 84 అన్న లెక్క పెట్టేరు. జీపీఎస్సు దాంట్లోనే పనిచేస్తాది. నీ ఫోనూ దాంట్లోనే. కొత్త చార్టుల మీద డబ్ల్యూజీఎస్ 84 అని పేరు కిందే రాసుంటాది. పాత చార్టు అయితే జీపీఎస్సు అంకెని ఎంత పక్కకి జరిపి పెట్టుకోవాలో ఒక నోటు ఉండొచ్చు. ఆ నోటు చదవకుండా అంకె పెట్టినోడు గీత ఇవతలున్నా అవతలున్నట్టు కనబడతాడు.

మా వైపు ఒక కుర్రోడు కొత్త డబ్బా కొన్నాడు. చురుకైనోడే, సెట్టింగులన్నీ తిప్పి చూసేడు. డాటమ్ అన్న చోట పెద్ద లిస్టు. అందులో 'ఇండియన్' అని మొదలయ్యే పేరొకటి కనబడింది. మనది ఇండియా కదా అని అది నొక్కేడు. మీరైనా నేనైనా అదే నొక్కుతాం. అది పాత ఎవరెస్టు లెక్క. మన తీరంలో దానికీ డబ్ల్యూజీఎస్ 84కీ చోటు దాదాపు రెండొందల మీటర్లు జరుగుతాది. పక్క బోటుతో అంకెలు కలవక, కంపెనీ మోసం చేసిందని షాపు మీదకి దెబ్బలాటకి పోయేడు. షాపోడికీ తెలీదు. చివరికి డబ్బా రీసెట్ కొడితే సరిపోయింది, కానీ దాంతోపాటు వాడు ఏడాదిగా దాచుకున్న వేట చోట్లన్నీ చెరిగిపోయాయి. దేశభక్తికి సముద్రంలో పడ్డ ఖర్చు అది.

దిక్కు గురించి కంగారక్కర్లేదు. నిజం ఉత్తరానికీ, దిక్సూచి చూపించే ఉత్తరానికీ తేడా మన తీరంలో ఒక డిగ్రీ అటూ ఇటూ. మన దిక్సూచిలో అంతకన్నా పెద్ద తప్పు పక్కనే పెట్టిన స్పీకరు వల్లా, ఇంజను ఇనుము వల్లా వస్తాది. పాటలు వినండి గానీ స్పీకరు అవతల పెట్టుకోండి.

ఇదంతా చదివి, చదువుకోనోళ్లు కాబట్టి ఇలాంటి తప్పులు చేస్తారు అనుకునే బాబుల కోసం రెండు కథలు చెప్పాలి.

2014 నవంబరు 29. ప్రపంచం చుట్టూ తెరచాప పడవల పందెం. కోట్ల ఖరీదైన పడవ, టీమ్ వెస్టాస్ విండ్. కేప్‌టౌన్ నుంచి అబూదాబీ పోతా మన హిందూ మహాసముద్రంలోనే, మారిషస్‌కి ఉత్తరాన కార్గడోస్ కారజోస్ అన్న దిబ్బ మీదకి రాత్రిపూట దూసుకెళ్లింది. దిబ్బ చార్టులో ఉంది. కానీ కంప్యూటరు తెర మీద చార్టుని దూరం నుంచి చూసినప్పుడు, అంటే జూమ్ తగ్గించినప్పుడు, దిబ్బ వివరం సరిగ్గా కనబడలేదు. దగ్గరకి లాగి చూస్తే ఉంది. లాగలేదు. మనుషులు బతికి బయటపడ్డారు, పడవ బాగా దెబ్బతింది.

2013 జనవరి 17. అమెరికా నౌకాదళం ఓడ గార్డియన్ ఫిలిప్పీన్స్‌లో తుబ్బతాహా పగడపు దిబ్బ ఎక్కేసింది. ఓడలో వాడిన డిజిటల్ చార్టులో ఆ దిబ్బ అసలు చోటుకి దాదాపు 8 నాటికల్ మైళ్లు పక్కకి గీసి ఉంది. ఇంకో స్కేలు చార్టులో సరిగ్గానే ఉంది. రెంటికీ తేడా ఉందని తెలిసీ, ఎదర లైటుహౌసు వెలుగు కనబడుతున్నా తెరనే నమ్మేరు. ఓడని కోసి ముక్కలుగా తీసుకెళ్లేరు. ప్రపంచంలోకెల్లా పెద్ద నేవీకి ఈ గతి పడితే, ఓనరు బటన్ నొక్కి చేతిలో పెట్టిన మన తండేలు ఏపాటి?

అందుకే ఆ షిప్పు ఆఫీసరు గారు నాకు మొదటాదివారమే చెప్పేరు: చార్టు మూలన ఏ ఏడాదిలో ఎవరు కొలిచేరో ఉంటాది, ముందు అది చూడు, అంకెలు తర్వాత. చార్టులు మన దేశంలో నౌకాదళం వాళ్ల హైడ్రోగ్రఫీ ఆఫీసు చేస్తాది. ఆ ఆఫీసు డెహ్రాడూన్‌లో, కొండల్లో ఉంటాది లెండి, నవ్వుకోండి. కొత్తగా ఓడ మునిగినా, లైటు మారినా వాళ్లు నోటీసు ఇస్తారు, చార్టు మీద చేత్తో దిద్దుకోవాలి. డబ్బాలో చార్టు ప్రైవేటు కంపెనీది. కార్డు కొన్నరోజు ఎలా ఉందో అలాగే ఉంటాది, అప్‌డేట్ చేస్తే తప్ప. మన బోట్లలో చేసేవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇప్పుడు మళ్లీ ఆ పెద్దాయన ప్రశ్నకి వద్దాం. ఆ గీత ఎవుడు గీసినాడు?

శ్రీలంకతో మన సముద్ర సరిహద్దు 1974లో, 1976లో ఒప్పందాలు చేసుకుని పాయింటు పాయింటుకీ అంకెలు రాసుకున్నారు. బంగ్లాదేశ్‌తో 2014 జులైలో హేగ్ కాడ ట్రిబ్యునల్ తీర్పిచ్చి, డబ్ల్యూజీఎస్ 84 లెక్కలోనే అంకెలిచ్చింది. ఆ గీతలు నచ్చినా నచ్చకపోయినా, ఉన్నాయి. డబ్బాలో వేసుకోవచ్చు, చార్టుతో సరిచూసుకోవచ్చు. పాకిస్తాన్‌తో అలా లేదు. గుజరాత్ చివర సర్ క్రీక్ అని 96 కిలోమీటర్ల బురద పాయ ఉంది. గీత పాయ మధ్యలోంచి అని మనం, తూర్పు గట్టు మీదుగా అని వాళ్లు. 1914 నాటి మ్యాపు పట్టుకుని ఇద్దరూ వాదిస్తారు. పాయ కాడ గీత తేలకపోతే, దాని కొసన మొదలవ్వాల్సిన సముద్రపు గీత ఎలా తేలుతాది? ఇద్దరూ ఒప్పుకున్న గీత అక్కడ లేదు.

కానీ డబ్బా తెర మీద ఉంటాది. సన్నగా, తిన్నగా, ఎర్రగానో ముదురు రంగులోనో. ఏ అనుమానమూ లేనట్టు. అది ఏ కంపెనీ గీసిందో, ఎవరి వాదన ప్రకారం గీసిందో ఆ తెర చెప్పదు. ఎదుటోళ్ల గస్తీ బోటు తెరలో ఇంకో గీత ఉండొచ్చు. మనోడు తన గీత ఇవతలే ఉన్నాననుకుంటూనే వాళ్ల గీత అవతలికి చేరిపోవచ్చు. దానికి తోడు రాత్రి వల దించి ఇంజను తగ్గిస్తే నీటి లాగుడుకి బోటు గంటగంటకీ జరుగుతాది. అందుకే గీతకి ఇవతల ఐదు నాటికల్ మైళ్లు వేట నిషేధం అని పెట్టేరు. ఆ ఐదు మైళ్లని డబ్బాలో అలారం పెట్టాలంటే అది మైళ్లలో ఉందో కిలోమీటర్లలో ఉందో మళ్లీ తెలియాలి. ఐదు కిలోమీటర్లంటే సముద్రపు మైళ్లలో 2.7. సగం కాపలా ఎగిరిపోయినట్టే.

అందరూ తెలీకే దాటుతారని నేను బుకాయించను. అటువైపు చేప ఎక్కువ, ఓనరు డీజిలు లెక్క అడుగుతాడు, ఖాళీగా వస్తే తండేలు వాటా తగ్గుతాది. తెలిసి దాటినోళ్లూ ఉంటారు. కానీ తెలిసి దాటడానికైనా ముందు తెలియాలి కదా. నేర్పకుండా పంపి, పట్టుబడితే నీ తప్పంటే అది ఏ న్యాయం?

జైలు గురించి ఒక ముక్క. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ ఆర్టికల్ ప్రకారం, 200 మైళ్ల ఆర్థిక మండలంలో చేపల వేట తప్పుకి, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వెయ్యకూడదు. ఇండియా, పాకిస్తాన్ రెండూ ఆ చట్టాన్ని ఒప్పుకున్నవే. ఒడ్డు నుంచి 12 మైళ్ల లోపల పట్టుబడితే అది వేరే లెక్క. కాబట్టి పట్టుకున్నప్పుడు బోటు ఎక్కడుంది, ఏ డాటమ్‌లో, ఏ అంకె అన్నది మనిషి జైల్లో ఎన్నాళ్లుండాలో తేల్చే ప్రశ్న. డబ్బాని బోటుతో పాటే వాళ్లు పట్టుకుపోతారు. మనోడి కాడ రుజువు ఏటి మిగులుతాది? ఏటీ లేదు. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల లిస్టులు మార్చుకుంటాయి, 2008 ఒప్పందం ప్రకారం. ఆ లిస్టులో మత్స్యకారులకి వేరే వరస ఉంటాది. ఎక్కడ పట్టుబడ్డారన్న వరస కూడా ఉండాలని మన ఎంపీలు అడగొచ్చు.

కేంద్రం ఏటీ చెయ్యలేదని అననులెండి. 2019లో జెమినీ అన్న పరికరం తెచ్చేరు, ఒడ్డుకి దూరంగా సిగ్నల్ లేని చోట కూడా హెచ్చరికలు ఫోనుకి అందించడానికి. 2024 ఆగస్టు 30న మహారాష్ట్ర పాల్ఘర్‌లో ప్రధాని ట్రాన్స్‌పాండర్ల పథకం మొదలెట్టేరు. ఇస్రో తయారీ, 364 కోట్లు, లక్ష బోట్లకి ఉచితంగా. గీత దగ్గరకొస్తే హెచ్చరిస్తాది, ఆపదలో మెసేజి పంపుతాది. నేను దీనికి వ్యతిరేకిని కాను, బిగించుకోండి. కానీ చూడండి, మళ్లీ డబ్బానే. ఇంకో డబ్బా. దాంట్లో గీత ఏ అంకెలతో పెట్టేరో జెట్టీ కాడ గోడ మీద రాయమంటున్నాను. మత్స్యశాఖ వాళ్లు డబ్బాల పంపిణీ ఫొటో తీసుకుంటారు, మంచిదే, ఆ ఫొటో తీసిన రోజే రెండు గంటలు కూర్చోబెట్టి ఫార్మాటు, డాటమ్, మైళ్లు, మీటర్లు చూపించమంటున్నాను. చార్టు గుర్తుల పుస్తకం ప్రపంచమంతా ఒకటే వాడతాది. దానికి తెలుగు అనువాదం వేసి, మన తీరం చార్టుల జిరాక్సు లాంటిదైనా ప్రతి మత్స్యకార సంఘానికి ఒకటి ఇవ్వమంటున్నాను. 364 కోట్ల ముందు ఆ కాగితాల ఖర్చెంత?

మన జిల్లా తీరం 193 కిలోమీటర్లు. ఇంత తీరం ఉండీ మనోళ్లు రైలెక్కి వెరావల్ పోవడం వేరే పెద్ద కథ, హార్బర్ల కథ, దాని గురించి ఇదివరకే రాసేను, మళ్లీ రాస్తాను. ఈలోగా పోయేవాళ్లు పోతూనే ఉంటారు. ఆగస్టులో మళ్లీ బ్యాగులు సర్దుతారు.

కాబట్టి చదువుకున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెప్తున్నాను. మీ నాన్నకో అన్నకో డబ్బా ఉంటే, అది ఒడ్డున ఉన్నప్పుడు తీసుకుని లైటుహౌసు కాడికి వెళ్లండి. మనకి కళింగపట్నంలో ఉంది, భీమిలిలో ఉంది. శాంతపల్లి లైటుహౌసు ఉండనే ఉంది, దాని ఎదర సముద్రంలో బండలున్నాయనే దాన్ని కట్టేరు. చార్టులో లైటుహౌసు చోటు కచ్చితంగా ఉంటాది. దాని పక్కన నిలబడి డబ్బా అంకె చూడండి, ఫోను అంకె చూడండి, చార్టులో అంకె చూడండి. మూడూ కలిస్తే డబ్బా సరిగ్గా పెట్టినట్టు. అయిదొందల మీటర్ల తేడా ఉంటే ఫార్మాటు, రెండొందలుంటే డాటమ్ అని మొదట అనుమానించండి. డబ్బాలో ఉన్న సెట్టింగు ఫొటో తీసి ఉంచుకోండి, రీసెట్ కొట్టే ముందు దాచుకున్న చోట్లు నోటుబుక్కులో రాసుకోండి. మీ నాన్న కొండ గురుతులు కూడా అదే నోటుబుక్కులో ఎక్కించండి, ఏ కొండ మీద ఏ చెట్టు ఆనితే ఏటి ఉందో, దాని పక్కనే డబ్బా అంకె. ఆ నోటుబుక్కు ఏ కంపెనీ అమ్మదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. బోట్లు ఒడ్డున, డబ్బాలు అటక మీద. ఈసారి ఆ రోజుల్లో కళింగపట్నం లైటుహౌసు కింద ఆదివారం పొద్దున్న ఏడింటికి నేనుంటాను. రెండు చార్టులు ఉన్నాయి నా కాడ, ఒకటి పాతది, ఒకటి కొత్తది. డబ్బా తెచ్చుకోండి, చార్జింగు పెట్టి తీసుకురండి. స్కేలూ పెన్సిలూ నేను తెస్తాను.